చెవి గదిలో నా నోరు

చెవి పోయినవాడు తన చెవి బాగాలేదని ఆసుపత్రికి రాడు. పెళ్లాం గొంతు బాగాలేదని వస్తాడు. "నోట్లో నోట్లోనే మాటాడతాది బావూ, ఏటైనా మందుంటే ఇయ్యండి" అంటాడు. ఆ పెళ్లాం వెనకాలే నిలబడి ఉంటుంది. ఆమె మాట వరండా చివర చీట్లు రాసే కిటికీ దాకా వినబడుతూనే ఉంటుంది. పక్కనున్న మొగుడికి మాత్రం వినబడదు. బెంగాలీల ఊళ్లో, రైల్వే ఆసుపత్రిలో, చెవి, ముక్కు, గొంతు చూసే గదిలో పందొమ్మిదేళ్లు ఆయాగా పనిచేశాను. చెవి రోగుల్లో సగం మంది ఇలా ఇంకొకరి మీద ఫిర్యాదుతో వచ్చినవాళ్లే.

ఇప్పుడు మా మరిది కూతురు లక్ష్మి ఆ పనిలో చేరింది. పని ఎలా ఉంటుందో చెప్పు పెద్దమ్మా, రాసుకుంటాను అంది. నాకు సంతకం వరకే వచ్చు, అదీ మూడు వంకరలతో. అందుకని నేను చెబుతున్నాను, అది రాస్తోంది. నా మాట ఉన్నదున్నట్టు రాస్తే చదివేవాళ్లకు కష్టమని కాస్త దిద్దుతోంది. దిద్దుకోనీ. నేను చేసిన తప్పు ఒకటుంది, దాన్ని మాత్రం దిద్దొద్దని గట్టిగా చెప్పాను. ఆ తప్పు వల్ల దీన్ని కన్న తండ్రి, మా మరిది సూరినారాయణ, పట్టపగలు యార్డులో వ్యాగను కింద పోవలసినవాడు.

చల్లని నీళ్లు

మా ఆయన రైల్వే కార్ఖానాలో పనిచేసేవారు. టైఫాయిడ్‌తో పోయారు. నాకు ఆయా పని ఇచ్చారు. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. కత్తెర్లూ గొట్టాలూ మరిగించడం, పిల్లల తల కదలకుండా పట్టుకోవడం, గుబిలి తీసేటప్పుడు చెవి కింద పళ్లెం పట్టడం నా పని. కొన్నాళ్లకు చెవిలో నీళ్లు కొట్టే పిచికారీ కూడా నా చేతికిచ్చారు.

ఇచ్చిన వారంలోనే ఒక డ్రైవరు వచ్చాడు. మీసాలు చూస్తే ఇంజను కూడా పక్కకు తప్పుకునేలా ఉన్నాడు. చలికాలం, కుండలో నీళ్లు మంచులా ఉన్నాయి. వేడి చెయ్యడానికి బద్ధకించి అలాగే చెవిలో కొట్టాను. కొట్టగానే ఆ మనిషి కళ్లు గిర్రున తిరిగాయి, కుర్చీలోంచి జారి నా కాళ్ల దగ్గర పడ్డాడు. లేవలేక బల్లకాలు కరుచుకుని, భూమి కదులుతోంది, ఎవరైనా ఆపండి అని బతిమాలాడు. నాకు నవ్వు ఆగలేదు. అంత మీసాలకు ఇంత చెంచాడు నీళ్లా అని నవ్వాను.

డాక్టర్ బాబు బెంగాలీ ఆయన. డ్రైవరును పంపేశాక నన్ను అదే కుర్చీలో కూర్చోమన్నాడు, అవే నీళ్లు నా చెవిలో కొట్టాడు. గది తిరిగింది. పొద్దున తిన్న చద్దన్నం బయటికొచ్చింది. తర్వాత ఆయన తన చేత్తోనే తువ్వాలు అందించాడు. అలా నేర్పడం మంచిదా కాదా అంటే, ఈ రోజుల్లో ఒప్పుకోరు, ఒప్పుకోనూ కూడదు. కానీ ఆ తర్వాత నా మణికట్టు మీద పోసుకుని ఒంటి వేడికి సరిపోయిందని చూడకుండా ఎవరి చెవిలోనూ ఒక్క చుక్క వెయ్యలేదు. లక్ష్మీ, నువ్వు ఇది వింటే చాలు, కుర్చీ ఎక్కక్కర్లేదు.

చెవి ఎప్పుడు చూపించుకోవాలి

చెవి ఒక్కసారిగా పోతే మంచిది, వెంటనే పరుగెత్తుకొస్తారు. అది దొంగలా మెల్లగా పోతుంది. పోయింది మనదని తెలియదు, ఊరంతా గొంతు తగ్గించుకుందని అనిపిస్తుంది.

మలంచా పేట నుంచి, ఇంజనులో బొగ్గు వేసే పని చేసిన ఒక పాత ఫైర్‌మన్ గొంతు నొప్పికని వచ్చేవాడు. మాటల్లో మాటగా, మా ఇంట్లో పిచ్చుకలు వెళ్లిపోయాయి, ఏదో కీడు జరుగుతుంది అన్నాడు. వాళ్లావిడ, పిచ్చుకలు దూలం మీదే ఉన్నాయి, పొద్దున్నే నా నెత్తిన గడ్డి కూడా రాల్చాయి అంది. నేను గొంతు చీటీ పక్కన పెట్టి ఆయన్ని చెవి కుర్చీలో కూర్చోబెట్టాను. సన్నటి చప్పుళ్లు ముందు పోతాయి. పిచ్చుక, పట్టీలు, దూరాన ఈల, పసిపిల్ల గొంతు. ఆడవాళ్ల మాట పోయాక కూడా మగవాళ్ల మాట వినబడుతూనే ఉంటుంది. అందుకే చాలామంది మొగుళ్లకు చెవి పోయిందన్న సంగతి పదేళ్ల దాకా బయటపడదు. పెళ్లాం మాట వినకపోవడం వాళ్లకు అంతకుముందూ అలవాటే కదా.

ఇందా అనే పేట నుంచి ఒక ముసలావిడను కోడళ్లు తీసుకొచ్చారు. కోడళ్లిద్దరూ తన గురించి గుసగుసలాడుతున్నారని ఆవిడ నెలరోజులుగా అన్నం మానేసి అటుకులు తింటోంది. రెండు చెవుల్లోనూ గుబిలి రాయిలా బిగుసుకుపోయి ఉంది. రెండు రోజులు నూనె చుక్కలు వేసి నానబెట్టి తీశాం. పళ్లెంలో పడ్డది చూసి, ఇంత నాలోనే ఉందా అని అడిగింది. ఆ తర్వాత వారం కోడళ్లే వచ్చారు, ఇప్పుడు అన్నీ వినేస్తోంది, మళ్లీ పెట్టెయ్యండి దీదీ అని. తమాషాకే అన్నారనుకుంటాను.

ఇలా గుర్తుపట్టండి. నలుగురి మధ్య మాట అందకపోతే, మెల్లగా అంటే వినబడక, గట్టిగా అంటే "అరవకు" అని కోపం వస్తే, పని దిగాక కూడా చెవిలో ఈగ తిరుగుతున్నట్టుంటే, ఒక చెవినే ముందుకు తిప్పి కూర్చోవడం అలవాటైతే, ఇంట్లోవాళ్లు మీ బదులు జవాబులు చెప్పడం మొదలుపెడితే వచ్చి చూపించుకోండి. వెల్లుల్లి వేసి కాచిన ఆవనూనె సలసలా కాగుతుండగా చెవిలో పోసుకోవద్దు. ఆ వెల్లుల్లి పప్పులో వేసుకోండి, రుచిగా ఉంటుంది.

ఒక్కమాట రైల్వే పెద్దలతో కూడా. చెవి తగ్గిందని చెప్పుకున్నవాడికి ఉన్న పని పోతుందంటే ఎవడు చెప్పుకుంటాడు? మన రైల్వేలో ఇంజను మీదా యార్డులోనూ పనిచేసేవాళ్లకు కొన్నేళ్లకొకసారి చెవి పరీక్ష ఉండేది. అందులో తప్పితే పక్కన పెడతారు. అందుకని వినబడనివాడు వినబడినట్టు నటించడం నేర్చుకుంటాడు. ఆ నటనకు సాయం చేసినదాన్ని నేనే.

డాక్టర్ బాబు తెలుగు

పరీక్ష ఇలా ఉండేది. వరండాలో ఒక చివర మనిషి పక్కకు తిరిగి నిలబడాలి, చెవి డాక్టర్ వైపు. డాక్టర్ బాబు ఇరవై అడుగుల దూరంలో నిలబడి గుసగుసగా మాటలు చెబుతాడు. విన్నవాడు తిరిగి చెప్పాలి. నేను ఆ మనిషికి ఎదురుగా మూరెడు దూరంలో నిలబడేదాన్ని. ఒక చేతి వేలితో అతని రెండో చెవి మూసేదాన్ని. రెండో చేత్తో అతని కణత దగ్గర ఒక అట్ట అడ్డం పెట్టేదాన్ని, డాక్టర్ పెదవులు చూసి మాట పోల్చుకోకుండా.

బెంగాలీలకు బెంగాలీ మాటలు, హిందీవాళ్లకు హిందీ. మనవాళ్లకు తెలుగు మాటలు కావాలని ఆయన నన్నే అడిగాడు. బెండకాయ, చీపురు, రాగిచెంబు, గుమ్మడికాయ, ఉలవలు, ఇలా నేను చెబితే బెంగాలీలో రాసుకున్నాడు. అంత చదువుకున్న మనిషి, కళ్లజోడు సర్దుకుని, వరండా ఆ చివర నుంచి రహస్యంగా "గుమ్మొడికాయో" అంటుంటే మొదట్లో నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. తర్వాత జాలేసింది. ఆయన ప్రతి మాటకూ తడబడేవాడు, తడబడినప్పుడల్లా నా పెదవులు ఆ మాటను అనుకునేవి. పసిపిల్లకు ముద్ద పెడుతూ తల్లి తన నోరు తెరుస్తుంది చూడండి, అలాగ. గొంతు లేదు, పెదవులే. అలా చేస్తున్నానని నాకే తెలియదు. నేను పట్టుకున్న అట్ట చాటున ఉండడంతో డాక్టర్ బాబుకూ కనబడలేదు.

కనబడింది ఎవరికంటే, ఎదురుగా నిలబడ్డవాడికి.

ఇంజను మీద పనిచేసినవాళ్లు, బాయిలర్ షాపులో రేకులకు రివిట్లు కొట్టినవాళ్లు ఆ మోతలో చెవులతో వినరు, కళ్లతో వింటారు. పక్కవాడి పెదవి కదిలితే చాలు, బీడీ అడిగాడో బూతు తిట్టాడో చెప్పేస్తారు. అది వాళ్లకు పనిలో పట్టుబడిన విద్య. అలాంటివాళ్ల ముందు మూరెడు దూరంలో నేను నోరు కదిపాను. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, ఏడేళ్లు.

మా తెలుగువాళ్ల పేట పూరీ గేట్‌లో నాకు పేరొచ్చింది, పైడమ్మ చెయ్యి మంచిదని. నేను డ్యూటీలో ఉన్న రోజునే పరీక్ష పడేలా చూసుకునేవాళ్లు. పాసయ్యాక అరటిపళ్లు తెచ్చిచ్చేవాళ్లు. నేను కూడా నా చేతిని మెచ్చుకుని పళ్లు తిన్నాను. వాళ్లలో ఒక్కడూ నోరు విప్పి నిజం చెప్పలేదు. తెలిసి ఊరుకున్నవాళ్లెందరో, తమకే తెలియకుండా చదివినవాళ్లెందరో నాకు ఇప్పటికీ తెలియదు.

చిరిగిన కాలరు

మా సూరి పదిహేనేళ్లు బాయిలర్ షాపులో చేసి, తర్వాత యార్డులో పాయింట్స్‌మన్‌గా మారాడు. పట్టాలు మార్చడం, వ్యాగన్లు తగిలించడం. నా ముందే నిలబడి పరీక్ష పాసయ్యాడు, పది మాటలకు పదీ చెప్పాడు. ఇంటికెళ్లి, వదిన చెయ్యి పడితే చెవిటి గోడ కూడా వింటుందని అందరికీ చెప్పుకున్నాడు.

నాలుగు నెలలకు, ఒక ఆదివారం పొద్దున, వాళ్లావిడ గౌరి మా ఇంటికొచ్చింది. చేతిలో అతని ఖాకీ చొక్కా ఉంది, కాలరు వెనక నుంచి సగం ఊడి ఉంది. మేకుకు తగిలిందని చెప్పాడట. కొళాయి దగ్గర ఇంకో పాయింట్స్‌మన్ భార్య అసలు సంగతి చెప్పింది. ఇంజను తోసి వదిలేసిన వ్యాగను దానంతటదే దొర్లుకుంటూ వస్తుంది, చప్పుడు తక్కువ. సూరి దానికి వీపు పెట్టి పట్టాల మధ్య నిలబడ్డాడు. మూడుసార్లు కేకేశారు. చివరికి ఆమె భర్త పరుగెత్తి కాలరు పట్టుకుని లాగాడు.

"పిల్లేడిస్తే లెగడు, అప్పా. నిద్ర మొద్దనుకున్నాను. మెలకువగున్నప్పుడూ అంతే" అంది గౌరి. "మరి నీ కాడ ఎలగ పాసయినాడు?"

నేను మొదట వేళాకోళం చేశాను. నువ్వు రోజంతా వాగితే ఏ మగాడికైనా చెవి మూసుకుపోతుంది అన్నాను. ఆమె నవ్వలేదు. చొక్కా నా ఒళ్లో పెట్టింది.

ఆ సాయంత్రం వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. సూరి పెరట్లో నాకు వీపు పెట్టి కాళ్లు కడుక్కుంటున్నాడు. మామూలు గొంతుతో పిలిచాను. పలకలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాను. చెంబు ముంచుకుంటూనే ఉన్నాడు. అప్పుడు చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. ఎందుకు తోచిందో తెలియదు, గొంతు లేకుండా పెదవులు మాత్రం కదిపి, అన్నం తిన్నావా అని అడిగాను.

"ఇంకా నేదొదినా, నువ్వూ తినీసి ఎల్లు" అన్నాడు నవ్వుతూ.

వరండా, అట్ట, నా ఎదుట నిలబడ్డ ముఖాలన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. వాళ్లంతా నా కళ్లలోకి కాక కాస్త కిందికి చూసేవాళ్లు. విధవనని మర్యాదగా తల దించుతున్నారనుకున్నాను ఇన్నాళ్లూ.

అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, ఇందాక గొంతు లేకుండా అడిగి పరీక్షించానని చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"డాక్టరుకి సెప్పీకు. యార్డు నుంచి తీసీసి ఏ మూలో కూకోబెడతారు. ఒళ్లు సక్కగున్నోడిని, పేటలో తలెత్తుకోనేను."

"తల ఉంటే గదా ఎత్తుకోడానికి."

"నీ ఉద్దోగం కూడా పోద్దొదినా."

ఆ మాట నిజమే. రాత్రి నిద్రపట్టలేదని చెబితే గొప్పగా ఉంటుంది గానీ, పట్టింది. పొద్దున లేచాక మాత్రం భయం వేసింది.

చెప్పుకున్నాక

రోగులు రాకముందే గదిలోకి వెళ్లి డాక్టర్ బాబుకు అంతా చెప్పాను. వచ్చీరాని బెంగాలీలో చెబితే అర్థం కాలేదు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి, అట్ట పట్టుకుని, పెదవులతో గుమ్మడికాయ అని చూపించాను. ఆయన కళ్లజోడు తీసేశాడు. ఎంతమంది అని అడిగాడు. మీరు ఆ చివర, నేను ఈ చివర నిలబడ్డప్పుడు వచ్చిన మా తెలుగువాళ్లందరూ అన్నాను.

తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "దీదీ, ఏడేళ్లలో నేను కూడా ఒక్కసారి ఈ చివరికి వచ్చి నిలబడి చూడలేదు" అన్నాడు హిందీలో. తర్వాత, రేపటి నుంచి మూతికి గుడ్డ కట్టుకుని నిలబడు అన్నాడు. పాత రిజిస్టరు తీసి పేర్లు వెతకమని గుమాస్తాను పిలిచాడు. పెద్దల్లో అలాంటివాళ్లు తక్కువ. దొరికితే వాళ్ల దగ్గర తప్పు దాచకండి.

జరిగినవన్నీ ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే సూరి పరీక్ష గురించి చెప్పాక నాకు ఇంకేమీ చెప్పబుద్ధి కాదు. నా ఉద్యోగం పోలేదు. అందరినీ మళ్లీ పిలిచారు. కొందరు నిజంగానే విన్నారు. కొందరు తప్పారు, ఇంజను దిగారు. కొళాయి దగ్గర నా బిందె ఎవరూ ముందుకు జరగనిచ్చేవాళ్లు కాదు. అరటిపళ్లు మళ్లీ రాలేదు. దిగినవాళ్లలో ఎవరి ప్రాణం కాపాడానో, ఎవరికి ఊరికే అన్యాయం చేశానో నాకు తెలియదు. రెండూ జరిగి ఉంటాయి. మంచి పని చేశానని ఎవరైనా అంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే ఆ పని ఏడేళ్ల ముందే చెయ్యాల్సింది.

సూరిని సిగ్నల్ దీపాలు తుడిచి కిరసనాయిలు పోసే గదిలో వేశారు. ఏడాదిన్నర నాతో మాట్లాడలేదు. కూర మాత్రం గౌరి చేత పంపేవాడు, అందులో ఉప్పు ఎక్కువుందని నేను అంటే దానికి జవాబు కూడా గౌరి చేతే చెప్పించేవాడు. ఇప్పుడు రిటైరై పక్క గదిలో పడుకుని ఉన్నాడు. తన గురించి ఇంత చెప్పుకుంటున్నా అతనికి వినబడదు. వినబడే మిషను ఇచ్చారు, అది డబ్బాలో భద్రంగా ఉంది. దాని గురించి ఇంకో రోజంతా తిట్టొచ్చు.

మళ్లీ పరీక్ష

పరీక్ష రోజు సూరి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గౌరి కుట్టిన కాలరే. తలకు నూనె రాసుకున్నాడు. వరండాలో గీత దగ్గర పక్కకు తిరిగి నిలబడ్డాడు. నేను తెల్లగుడ్డ మూతికి కట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. ఎడమచెవిలో నా వేలు పెట్టాను, అట్ట పట్టుకున్నాను. అతను నా ముఖం వంక చూశాడు. గుడ్డ చూసి ఒక్క క్షణం రెప్ప వాల్చాడు, మళ్లీ చూశాడు.

డాక్టర్ బాబు మొదలుపెట్టాడు. బెండకాయ అన్నాడు. నాకు స్పష్టంగా వినబడింది. సూరి కదలలేదు. చీపురు అన్నాడు. ఉలవలు అన్నాడు. గుడ్డ లోపల నా పెదవులు వాటంతటవే కదలబోయాయి, పళ్ల మధ్య బిగబట్టాను. సూరి నా గుడ్డ మీద నుంచి చూపు తిప్పలేదు. అక్కడ ఏదో ఒక ముడత కదిలితే చాలు పట్టుకుందామన్నట్టు చూస్తున్నాడు. నుదుటి మీద నూనెతో కలిసి చెమట దిగుతోంది. రాగిచెంబు. గుమ్మడికాయ. పది మాటలూ ఒక్కొక్కటీ రెండేసిసార్లు చెప్పి, డాక్టర్ బాబు కలానికి మూత పెట్టాడు.

సూరి ఇంకా ఎదురుచూస్తున్నాడు. చాలా శ్రద్ధగా, బడిలో పిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు. కాసేపయ్యాక నా వైపు కాస్త వంగి, డాక్టరుకు వినబడకూడదని గొంతు తగ్గించి అడిగాడు.

"ఒదినా, ఆయన మొదలెట్టినాడేటి?"

నేను అట్ట కిందపెట్టాను. చెవిలోంచి వేలు తీశాను. మూతికున్న గుడ్డ విప్పి, అతనికి కనబడేలా, ఒక్కొక్క మాటా మెల్లగా చెప్పాను.

"అయిపోనాది నాయినా. రా, కూకో."